కళ్ళు మూయని ప్రార్థన

కళ్ళు మూసుకుంటే పడిపోతాడు. ఆ సంగతి దేవుడికి తెలుసు, డాక్టరుకి తెలుసు, భార్య ప్రేమమణికి తెలుసు. చర్చిలో మిగతా అందరికీ తెలిసింది వేరు. అందుకే జీవరాజు మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో, పక్క తలుపుకి ఆనుకున్న చివరన కూర్చుని, రెండు చేతులతో ముందు బెంచీ వీపు పట్టుకుని, తన పాదాల్ని తను చూసుకుంటున్నాడు. చూస్తే ఉన్నాయి. చూపు పక్కకి తిప్పితే మోకాళ్ళ కింద దూది కుక్కిన దిండ్లు వేలాడుతున్నట్టుంటుంది, అవి తనవో బెంచీవో తెలీదు. ముందు వరసలో తెల్ల గౌన్లు, తెల్ల చొక్కాలు, ఇవాళ కన్ఫర్మేషన్ తీసుకునే పిల్లలు. వాళ్ళలో క్యారల్, తన కూతురు, తలమీద మేలిముసుగు వేసుకుని, వెనక్కి తిరగకుండా కూర్చుంది. ఇవాళ మొదటిసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తుంది. తమ చర్చిలో ఆనవాయితీ ఒకటుంది. మొదటిసారి బల్ల తీసుకునే బిడ్డకి అటూ ఇటూ తల్లీ తండ్రీ మోకాళ్ళూనాలి. తర్వాత లేచి, బిడ్డ వెనక నిలబడి, తలమీద చెయ్యి పెట్టాలి. బిషప్‌గారు ప్రార్థన చేసినంతసేపూ సంఘమంతా కళ్ళు మూసుకుని నిలబడుతుంది. బిషప్‌గారి ప్రార్థన పొడుగు. అంతమంది ముందు, ఆ మెట్ల మీద, తెల్లబట్టలు కట్టిన బిడ్డ మీద తను తూలి పడితే? పడతాడు. పడకుండా ఎలా ఉంటాడు? పడితే అందరూ ఏమంటారో కూడా తెలుసు, పొద్దున ఆటోవాడు అనేశాడు.

మౌలాలి నుంచి వచ్చిన ఆటో గేటు దగ్గర ఆగినప్పుడు తను కాలు కిందపెట్టి, నేల తగిలిందో లేదో తెలియక మళ్ళీ ఎత్తి, మళ్ళీ పెట్టి, కమ్మీ పట్టుకుని నిలదొక్కుకునేసరికి ఆటోవాడు అద్దంలోంచి నవ్వాడు. "ఏందన్నా, పొద్దుగాల్నే షురూ చేసినవా? ఇయ్యాల ఆదివారం గద, దేవుడు సుత పరేషాన్ అయితడు" అన్నాడు. కోపంగా కాదు, సరదాకే. ప్రేమమణి క్లాసులో పిల్లల నోరు మూయించే గొంతుతో, "ఆయనకి కాళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి బాబూ" అంది. "గదేనమ్మా నేననేది. మందు కొడితే నరాల మీదనే కొడ్తది" అన్నాడు వాడు, ఒప్పుకున్నట్టే. తన తల్లి మేబెల్ ఏమీ విననట్టు కుచ్చిళ్ళు సర్దుకుంది. క్యారల్ మాత్రం దిగిన చోటే వంగి, సడలిన చెప్పు పట్టీ బిగించబోయింది. వద్దమ్మా, తెల్లగౌను, మాసిపోతుంది, అని అతను కాలు వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నాడో లేదో చూసుకుంటే తెలిసింది, లాక్కున్నాడు, చెప్పు మాత్రం ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఆ క్షణంలో క్యారల్ మొహం చూడాల్సింది. చూడలేదు, కాలు చూసుకున్నాడు. ఈమధ్య ఎవరి మొహమూ సరిగ్గా చూడటం లేదు, చూపంతా కాళ్ళకే ఖర్చయిపోతోంది.

రాత్రి ఏమంది ఆ పిల్ల? భోజనాలయ్యాక, కంచం తీసుకెళ్తూ, వంటింటి గుమ్మంలో ఆగి, "డాడీ, మీరు రాకపోయినా పర్లేదు" అంది. తర్వాత ఇంకేదో అంది, కుళాయి చప్పుడులో వినపడలేదు, లేకపోతే తన చెవుల్లో గుండె చప్పుడులో. రాకపోయినా పర్లేదు. రాత్రంతా ఆ మాటని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క రకంగా మోగించి చూశాడు. కాళ్ళు నొప్పి కదా, శ్రమపడొద్దు, అని ఒక రకం. వస్తే పరువు పోతుంది, దయచేసి రాకండి, అని ఇంకో రకం. మీరు ఎప్పుడొచ్చారు గనక, ఇప్పుడు మాత్రం ఎందుకు, అని మూడోది. ఇది తెల్లవారుజామున దొరికింది, దొరికాక వదల్లేదు. పిల్ల ఏ అర్థంతో అన్నా తను వినేది ఆ మూడోదే. అరికాళ్ళు మండుతున్నాయి, దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్టు. పగలు మొద్దు, రాత్రి మంట, ఇదేం న్యాయమో. ముల్లు గుచ్చుకుంటే తెలియని పాదానికి మెత్తటి బట్ట తగిలితే ప్రాణం పోతుంది. అరికాలి మంట నెత్తికెక్కిందంటారు, కోపం గురించి. అతనికి కోపం కూడా మిగల్లేదు, మంట మాత్రం నిజంగానే పాకుతుంది, పిక్కల్లోకి, కడుపులోకి, అక్కడ భయంగా మారి గుండెని పట్టుకుంటుంది. లేచి గదిలో కాలు కాలిన పిల్లిలా తిరుగుదామంటే చీకట్లో తిరగలేడు, కళ్ళకి కాళ్ళు కనపడాలి. లైటు వేస్తే ప్రేమమణి లేస్తుంది. లేచి ఏమీ అడగదు. అలమరా వైపు, మంచం కింద, బాత్రూం తలుపు వైపు చూపు తిప్పి, తర్వాత, "నీళ్ళు కావాలా?" అంటుంది. ఆ చూపు ఎందుకు తిరిగిందో ఇద్దరికీ తెలుసు.

"పాదాలు దగ్గరకి పెట్టు, చేతులు ముందుకి చాపు, కండ్లు మూసుకో" అన్నాడు డాక్టరు. కొన్ని నెలల కిందటి సంగతి, మారేడ్‌పల్లిలో మేడమీద చిన్న గది, కిటికీలోంచి ఎవరింట్లోనో పోపు వాసన. జీవరాజు ప్రార్థనకి మూసుకున్నట్టు మూసుకున్నాడు. అప్పుడు గది పక్కకి ఒరిగింది, కాదు, గది సరిగ్గానే ఉంది, తనే ఒరిగాడు, కాని తను నిటారుగా ఉన్నానని ప్రమాణం చేసి చెప్పగలడు. డాక్టరు రెండు చేతులూ ముందే సిద్ధంగా పెట్టుకున్నాడు, పట్టుకున్నాడు. "ఏమైంది సార్?" "ఏం కాలే. నీ కాళ్ళెక్కడున్నయో నీ మెదడుకి ఖబర్ పోతలేదు. ఇగ కండ్లే నీకు కాళ్ళు." "తగ్గుతుందా సార్?" "తాగకుంటే ఎక్కువ కాదు. తగ్గుడంటవా, అది నరం ఇష్టం. సూదులు రాస్త, తిండి మంచిగ తిను, టెన్షన్ పడకు." టెన్షన్ పడకు. నీళ్ళలో మునిగేవాడికి తడవకు అన్నట్టు. ఖబర్ పోవటం లేదు, అన్న మాట మాత్రం అతనికి బాగా అర్థమైంది, డాక్టరు అనుకున్నదానికంటే బాగా. జీవితమంతా చేసిన పని అదే కదా, ఖబర్ పోయేలా చేయడం. మాదాపూర్‌లో అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో రాత్రిళ్ళు ఆ మేడల్లో పాకి, సీలింగు పైన పలకలు ఎత్తి, కంప్యూటర్ కేబుళ్ళు లాగేవాడు. వెంట్రుకల్లాంటి రంగు రంగుల తీగల్ని వేలి కొసలతోనే వరస పెట్టి, కనెక్టరులో బిగించి, టెస్టరు పెడితే పచ్చలైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి. ఒక్కోసారి ఒక లైటు వెలగదు. పైన తొడుగు బాగానే ఉంటుంది, మెరుస్తూ ఉంటుంది, లోపల ఎక్కడో తెగి ఉంటుంది, ఎక్కడో చెప్పలేం, అంత పొడుగు కేబులూ పీకి పారేయాలి. ఒకరోజు ఏ లైటూ వెలగలేదు. కేబుల్ మారిస్తే వెలగలేదు, టెస్టరు మారిస్తే వెలగలేదు. తప్పు తన వేళ్ళలో ఉంది. తీగ వేళ్ళ మధ్య ఉందో లేదో వేళ్ళకి తెలియడం మానేసింది. అప్పుడే కాళ్ళు కూడా మానేస్తున్నాయని చాలాకాలం తెలియలేదు, తాగినవాడికి కాళ్ళు తెలియకపోవడం మామూలే కదా అనుకున్నాడు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పుకోలేనిది, చెప్తే నవ్వుతారు. తాగిన రోజుల్లో జీవరాజు తూలలేదు. నిజంగానే ఎన్నడూ తూలలేదు. తెల్లారి పని దిగి, అద్దాల మేడలోంచి బయటికొచ్చి, నోవహుతో కలిసి బస్సెక్కి సికింద్రాబాద్ చేరి, రెజిమెంటల్ బజార్ సందులో షట్టరు సగం ఎత్తిన చోట నిలబడి తాగి, తిన్నగా గీత గీసినట్టు నడిచి వచ్చి, క్యారల్‌కి జడ వేసి బడికి పంపిన రోజులున్నాయి. రాత్రి షిఫ్టు వాడికి పొద్దున్నే సాయంత్రం. లోకమంతా కాఫీ తాగే వేళకి వాడికి రోజు అయిపోతుంది. "అన్నా, బైబిల్ల నా పేరున్న పెద్దాయనే తాగి పండుకున్నడంట, ఇగ నేనెంత, నువ్వెంత? జెర పోసుకో. చేతులు వణుకుడు బంద్ అయితది" అనేవాడు నోవహు, తన జోడీగా పనిచేసేవాడు, ప్రతిసారీ అదే జోకు, ప్రతిసారీ నవ్వేవాళ్ళు. వణకడం నిజంగానే ఆగిపోయేది. అప్పుడు అందరూ ఏమనేవాళ్ళు? జీవరాజు పనిమంతుడు, నెమ్మదస్తుడు, ఆదివారం తప్పడు. ఇప్పుడు చుక్క ముట్టడం లేదు, గోడలు పట్టుకుని నడుస్తున్నాడు, ఇప్పుడు చూసినవాళ్ళు తాగుబోతంటున్నారు. మానేశాక తాగుబోతయ్యాడు. ఇంతకంటే పెద్ద జోకు నోవహు కూడా చెప్పలేడు. ఆ జోకు కొసన ఒక ఆలోచన ఉంది, పొద్దున్నుంచీ అది ఈగలా తిరుగుతోంది, తోలితే లేస్తుంది, మళ్ళీ అక్కడే వాలుతుంది. ఎటూ అంటున్నారు కదా. అననే అంటున్నారు కదా. ఒక్క గుక్క వేస్తే ఈ గుండె దడ ఆగుతుంది, అరచేతుల చెమట ఆగుతుంది, అరికాళ్ళు మంట మానేస్తాయి, మెట్ల మీద నిటారుగా నిలబడగలడు. పిల్ల కోసమే. ఎంత తియ్యగా ఉంది ఆ మాట, పిల్ల కోసమే. నోవహు ఇల్లు ఈ చర్చి గోడ వెనకే. ఆదివారం పొద్దున వాడు ఇంట్లోనే ఉంటాడు, వాడి దగ్గర ఉంటుంది. పక్క తలుపు, నాలుగు అడుగులు, గేటు, గోడ మలుపు. వచ్చే పాటకి అందరూ లేస్తారు. ఆ లేవడంలో తను బయటికి.

"వందనాలు బ్రదర్. జెర లోపలికి జరుగు." ఆర్థర్‌గారు. రైల్వేలో రిటైరై, సంఘ పెద్దగా ఎన్నికై, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి ఎప్పుడూ చివరన కూర్చునే ఆర్థర్‌గారు. ఇప్పుడేం చెయ్యాలి, కుదరదు అంటే ఎందుకు అంటాడు. జీవరాజు పాదాల్ని చూసుకుంటూ, ఒకటి, తర్వాత రెండోది, లోపలికి జరిపాడు. తలుపుకీ తనకీ మధ్య ఆర్థర్‌గారి లావుపాటి మోకాళ్ళు వచ్చి పడ్డాయి. "ఆరోగ్యం ఎట్లుంది మరి?" అంటూ ఆయన మొహం దగ్గరగా తెచ్చాడు, రహస్యం చెప్పబోతున్నట్టు. రహస్యమేం లేదు. వాసన చూస్తున్నాడు. ఈమధ్య అందరూ ఇలాగే, ప్రేమగా దగ్గరికొస్తారు, ఒక్క ఊపిరి లోపలికి పీలుస్తారు, వెనక్కి తగ్గుతారు. జీవరాజు నోరు తెరిచి గట్టిగా ఊదుదామా అనుకున్నాడు. "బాగానే ఉందండి" అన్నాడు, పెదాలు ఎక్కువ కదపకుండా, ఏ తప్పూ లేనివాడు తప్పుచేసినవాడిలా. "ప్రార్థన చేస్తున్నం నీ కోసం" అన్నాడు ఆర్థర్‌గారు. ఆయన నోట్లో లవంగం. జీవరాజు కాళ్ళకి చెమట పట్టిందో లేదో తెలియదు, మెడ మీద మాత్రం ధారగా కారుతోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఇది గుండెపోటా? కాదని డాక్టరు చాలాసార్లు చెప్పాడు, ఇది భయమే, కాని భయం వల్ల చావరని ఎవరు చెప్పారు. ఆడవాళ్ళ వైపు ప్రేమమణి, ఆమె పక్కన అమ్మ. ఈ చర్చిలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, మధ్యలో దారి. ఇంట్లో నడిచేటప్పుడు ప్రేమమణి భుజం ఉంటుంది. ఇక్కడ ఆ దారి మూసీ అంత వెడల్పు.

పాట మొదలైంది, అందరూ లేచారు. ఆర్థర్‌గారు కళ్ళు సగం మూసి, పుస్తకం చూడకుండా, గొంతెత్తి అందుకున్నాడు. జీవరాజు లేచాడు, ముందు బెంచీ వదిలాడు, ఆయన మోకాళ్ళకీ బెంచీకీ మధ్యలోంచి పక్కకి పక్కకి జరిగాడు. ఏం పాడుతున్నారో తెలియలేదు, చిన్నప్పటి పాటే, అమ్మ ఒళ్ళో విన్నదే. తలుపు చెక్క చేతికి తగిలింది, తగిలిందని చూసి తెలుసుకున్నాడు. బయట ఎండ. మెట్ల పక్కన చెప్పుల కుప్ప. ఆ కుప్పలో తనవి వెతుక్కుని, మెట్టు మీద కూర్చుని, పాదాన్ని చేత్తో ఎత్తి చెప్పులో పెట్టాడు. ఇప్పుడు పట్టీ. వదులు చెప్పులు వేసుకోడు, అవి ఎక్కడ జారిపోయాయో కాలికి తెలియదు, అందుకే వెనక పట్టీ ఉన్నవి. పట్టీ కొస చిన్న బకిల్‌లోంచి దూరాలి. వేళ్ళు పట్టీని పట్టుకున్నాయి, పట్టుకున్నాయా, జారింది. మళ్ళీ. జారింది. వేలెడు పట్టీ. వెంట్రుకలంత తీగల్ని చీకట్లో వరస పెట్టిన వేళ్ళు. గోడ అవతల ఎవరో రేడియో పెట్టారు, నోవహు ఇల్లే, ఏదో ఇనప గిన్నె కింద పెట్టిన చప్పుడు, నవ్వు, వాడి నవ్వే. నోట్లో నీరూరింది. శరీరం ఎంత నమ్మకమైన కుక్క, పిలుపు వినగానే తోక ఆడిస్తుంది. చెప్పులు వదిలేసి పోతే? "వట్టి కాళ్ళతోని అడుగు బయట పెట్టకు, గాజుపెంకు దిగినా నీకు తెల్వది" అన్నాడు డాక్టరు. దిగితే దిగనీ. తెలియదు కదా. లేచి నిలబడ్డాడు, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, చెయ్యి తలుపు చట్రం మీద. లోపల పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పాస్టరు అయ్యగారి గొంతు పేర్లు పిలవడం మొదలుపెట్టింది, బిడ్డ పేరు, వెంటనే తల్లిదండ్రుల పేర్లు. ఒక్కో కుటుంబం లేచి వెళ్తున్న చప్పుడు. వెళ్ళిపో, ఇప్పుడే వెళ్ళిపో. తన పేరు పిలిచినప్పుడు జవాబు లేకపోతే ఒక నిమిషం గుసగుసలు, అంతే. ప్రేమమణి ఒక్కతీ వెళ్తుంది, అలవాటే. రాకపోయినా పర్లేదు. ఆ పిల్లే చెప్పింది.

"క్యారల్ మేబెల్." తర్వాత, "జీవరాజు, ప్రేమమణి."

తలుపు సందులోంచి చూశాడు. ఒక్కసారి చూసి పోదామనే. బల్ల ముందు చెక్క కమ్మీ, దాని వెంబడి పిల్లలూ తల్లిదండ్రులూ భుజాలు రాసుకుంటూ ఇరుగ్గా నిలబడ్డారు. ప్రేమమణి వెళ్ళి క్యారల్‌కి ఎడమపక్కన చేరింది. కుడిపక్కన ఇంకో పిల్ల తండ్రి, పెద్ద మనిషి, ఖాళీ కనపడగానే మర్యాదగా దాన్ని పూడ్చబోయాడు. క్యారల్ వెనక్కి తిరిగి చూడలేదు. తండ్రి వస్తున్నాడా అని వెతకలేదు. మోచెయ్యి కొంచెం బయటికి పెట్టింది. బస్సులో పక్క సీటు ఆపినట్టు. ఆయన ఆగి, ఆవలికి జరిగాడు. మోచెయ్యి అలాగే ఉంది. ఆ మోచేతికీ ఆయన కోటుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు, అక్కడ ఎవరూ లేరు, దానిలోంచి వెనకున్న కొవ్వొత్తులు కనపడుతున్నాయి. అయ్యగారు మళ్ళీ పిలవలేదు, కాని తర్వాతి పేరుకీ పోలేదు. ఎవరో దగ్గారు. అమ్మే, మేబెల్ దగ్గు తనకి తెలియదా. ఈ చోటు భర్తీ చెయ్యకపోతే అది ఎప్పటికీ అలాగే ఉంటుంది, ఆ పిల్ల పెళ్ళిలో, పిల్లల బాప్తిస్మాల్లో, ప్రతి ఫోటోలో, మోచెయ్యి బయటికి పెట్టి. జీవరాజు చెప్పు విడిచాడు. విడిచాడని చూసుకున్నాడు.

మధ్యదారి అంతా చూపులు. బెంచీల చివర్లు ఒక్కొక్కటే పట్టుకుంటూ, పాదాన్ని చూసి, వేసి, రెండోదాన్ని చూసి, వేసి, తలవంచుకుని. తలవంచుకుని నడిస్తే దోషిలా ఉంటానని తెలుసు, తలెత్తితే కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. ఒకచోట ఒరిగాడు, ఎవరో పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అయ్యో, ఇయ్యాల గూడ చూడు" అన్న ఆడగొంతు. కాంతమణి ఆంటీది కావచ్చు, ఎవరిదైనా కావచ్చు, ఈ చూపులన్నిటికీ ఒకటే గొంతు. నడక అంటే ఇంతమంది చదివే కాగితం అని అతనికి ఇదివరకు తెలియదు. ఆ చోటు వచ్చింది. కమ్మీ పట్టుకుని మోకాళ్ళూనాడు, మోకాళ్ళ దాకా ఇంకా ప్రాణం ఉంది, చెక్క గట్టిగా తగిలింది, ఆ గట్టితనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్యారల్ చూడలేదు. నూనె రాసి దువ్విన జుట్టు వాసన, కొత్తబట్ట గంజి వాసన. బిషప్‌గారు చేతులుంచారు, ఏవో మాటలన్నారు, రొట్టె వచ్చింది, అరచేతిలో పడిందో లేదో కళ్ళతో చూసి నోట్లో వేసుకున్నాడు. ఆ వెనకే గిన్నె. అది ఇంకా ఆ చివరన ఉండగానే వాసన వచ్చేసింది. ఉడికించిన ఎండుద్రాక్ష రసమేనా, పులిసిందా, ఎవరిని అడుగుతాడు. అడిగితే ఎందుకు అడిగాడో తెలిసిపోతుంది, అడగకపోతే ఇదిగో, ఇలా, ఒక్కొక్క పెదవినీ తాకుతూ, తుడుచుకుంటూ, తన దగ్గరికి. క్యారల్ తాగింది. మొదటిసారి. గొంతు కదలడం చూశాడు. వెండి గిన్నె అంచు మీద ఎర్రటి తడి. ఇప్పుడు అది తన మొహం ముందు ఉంది, లోపల చీకటిగా, చిన్నగా ఊగుతూ. ఒక్క గుక్క. దేవుడి గిన్నెలోది. దీన్ని ఎవరు తప్పంటారు? తాగకపోతేనే తప్పు. ఆ ఈగ వచ్చి వాలింది, పిల్ల కోసమే, అంది. జీవరాజు పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. ఊపినప్పుడు మెడ ఎముకలు చప్పుడైనట్టనిపించింది, చర్చి అంతా విన్నట్టు. బిషప్‌గారు ఒక్క క్షణం చూశారు. చేతిలోని తెల్లబట్టతో అంచు తుడిచి, గిన్నెని పక్కాయన ముందుకి జరిపారు. అంతే. పైకప్పు కూలలేదు. నెలల తరబడి ఈ క్షణానికి భయపడి చచ్చాడు, అది ఒక గుడ్డముక్కతో తుడిచినంతలో అయిపోయింది, అయిపోయినా భయం మాత్రం పోలేదు, ఇంకోదాన్ని వెతుక్కుంటూ అక్కడే నిలబడింది. దానికి దొరికింది కూడా.

"తల్లిదండ్రులు లేచి బిడ్డల తలలమీద చేతులుంచండి. సంఘమా, నిలబడి ప్రార్థనలో ఏకీభవించండి." కమ్మీ పట్టుకుని లేచాడు. వెనక్కి అడుగు, మెట్టు ఎక్కడుందో చూసి అడుగు. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు, కూతురి తల తప్ప, దాని మీద బరువు వేయకూడదు. క్యారల్ మోకాళ్ళ మీదే ఉంది, గౌను నేలమీద పరుచుకుని. మేలిముసుగు మీద అరచెయ్యి పెట్టాడు, మెత్తదనం తెలియలేదు, ప్రేమమణి చెయ్యి పక్కన తన చెయ్యి ఉందని మాత్రం చూశాడు. ప్రార్థన మొదలైంది. వెంటనే రెప్పలు వాటంతటవే దిగాయి. "ప్రార్థనలో కళ్ళు తెరిచేది సాతానొక్కడేరా" అని అమ్మ చిన్నప్పుడు తలమీద మొట్టిన మొట్టు, ఇన్నేళ్ళ మొట్టు, రెప్పల్లో ఉండిపోయింది. చీకటి. చీకట్లో నేల జారిపోయింది, మేడ మీద సీలింగు పలక విరిగినట్టు, తను ముందుకి పోతున్నాడో వెనక్కో తెలియలేదు, కళ్ళు బలవంతాన తెరిచాడు. తన శరీరం క్యారల్ వీపు మీదికి వాలుతోంది. ఆపాడు. ఎలా ఆపాడో తెలియదు, చూపుతో ఆపాడు, రెండు పాదాల్నీ చూపుతో నేలకి మేకులు కొట్టినట్టు కొట్టి ఆపాడు. బిషప్‌గారు ప్రార్థిస్తూనే ఉన్నారు. ఇప్పుడు అందరూ తనని చూసి ఉంటారు. కళ్ళు తెరిచి ప్రార్థనలో నిలబడ్డ ఒకే ఒక్కణ్ణి. మెల్లగా, మెడ కదపకుండా, చూపు మాత్రం ఎత్తి పక్కకి తిప్పాడు, ఎంతమంది చూస్తున్నారో తెలుసుకుందామని.

ఎవరూ చూడటం లేదు. బెంచీలు బెంచీలుగా మూసిన కళ్ళు. ఆర్థర్‌గారి మొహం నిద్రపోయే పసివాడి మొహంలా వదులైపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. కాంతమణి ఆంటీ పెదాలు కదులుతున్నాయి. అమ్మ మేబెల్ కళ్ళ మూలల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆటోవాడి నవ్వు, గుసగుసలు, వాసన చూసే ముక్కులు, ఏవీ లేవు, ఇంతమంది మనుషులు చీకట్లో నిలబడి ఎవరి భయం వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు, చూసుకోకుండానే నిలబడ్డారు. అది అసూయపడాల్సినంత పెద్ద అద్భుతమని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అలా చూస్తున్నంతసేపూ కాళ్ళని మర్చిపోయాడు. గుర్తొచ్చింది. చటుక్కున కిందికి చూశాడు.

తన ఎడమ చీలమండ చుట్టూ ఒక చెయ్యి ఉంది. చిన్న చెయ్యి, గోళ్ళు కొరికిన చెయ్యి, తెల్ల గౌను అంచు కిందనుంచి వెనక్కి వచ్చి, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. తూలినప్పటినుంచా, అంతకుముందు నుంచా. క్యారల్ తల తన అరచేతి కింద వంగే ఉంది, కాని మేలిముసుగు పక్కనుంచి ఒక కన్ను కనపడుతోంది, ఆ కన్ను తెరిచి ఉంది, అతని పాదాల్ని చూస్తోంది. ఆ చూపు అతనికి తెలుసు. ఆ పని తను ఇంతకాలంగా చేస్తున్నదే. రాకపోయినా పర్లేదు, అన్నాక కుళాయి చప్పుడులో ఏమందో ఇప్పటికీ వినపడలేదు.

ఆ వేళ్ళు అతనికి తగలడం లేదు. వెచ్చగా ఉన్నాయో, చెమట పట్టాయో, వణుకుతున్నాయో, కాలికి ఏ ఖబరూ అందడం లేదు. చూస్తుంటేనే ఉంది ఆ చెయ్యి. చూపు తిప్పితే ఉండదు. కళ్ళలో నీళ్ళు నిండి ఆ చెయ్యి మసకబారుతోంది, రెప్ప వేస్తే నీళ్ళు రాలి స్పష్టంగా కనపడుతుంది, కాని రెప్ప వేయడానికి ధైర్యం చాలలేదు. చుట్టూ ఆమెన్ అన్నారు, కళ్ళు తెరిచారు, కూర్చుంటున్న బెంచీల చప్పుడు. ప్రేమమణి "పదండి" అని మెల్లగా అంది. జీవరాజు తలెత్తలేదు. చూస్తూనే ఉన్నాడు.